తుకోకి బదులు మా ఆయన

మొగుణ్ణి బేరానికి పెట్టిన ఆడదాన్నని కవాయన్ పేటలో ఇప్పటికీ నా వెనకాల గుసగుసలాడుతుంటారు. ఎదురుగా అనే దమ్ము ఒక్కరికీ లేదు. అంటే మర్నాడు నా కొట్లో వాళ్ళ అన్నం మీద పులుసు పడదని తెలుసు. అందుకని అసలు జరిగిందేమిటో నేనే చెప్తాను. విన్నాక మీరే చెప్పండి, నా చోట మీరుంటే ఏం చేసేవారో.

నా పేరు ఒఫీలియా. అందరూ పేలింగ్ అంటారు. బాస్కెట్‌బాల్ కోర్టు పక్కనే నా భోజనాల కొట్టు. పేట కౌన్సిల్లో ఆటల వ్యవహారాలు చూసే సభ్యురాలిని నేనే కాబట్టి జట్టు బాధ్యత కూడా నా నెత్తినే పడింది. కోచ్‌ని నేనే, మేనేజర్‌ని నేనే, చెమట కంపు కొట్టే చొక్కాలు ఉతికేదీ నేనే. మా ఆయన వెన్సెస్ ఆ జట్టులో గార్డు. వయసు నలభై మూడు. మిగతా వేళల్లో పాడైపోయిన ఫ్యాన్లు బాగుచేస్తుంటాడు.

మూడేళ్ళు వరసగా ఫైనల్‌కి వెళ్ళాం. మూడేళ్ళూ ఓడిపోయాం. గెలిచిన జట్టుకి కప్పుతో పాటు ఒక బతికున్న పందిని ఇస్తారు. ఆ పందిని ఎర్ర రిబ్బను కట్టి కోర్టు మూల నిలబెడతారు. మూడేళ్ళుగా దాని కళ్ళలోకి చూస్తూ నేను ఓడిపోతున్నాను. మమ్మల్ని ఓడించేది జట్టు కూడా కాదండీ, ఒక్క మనిషి. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే గిల్బెర్ట్. మొదటి ఫైనల్లో ముప్ఫై ఎనిమిది వేశాడు, రెండోదాంట్లో నలభై ఒకటి, మూడోదాంట్లో లెక్కపెట్టేవాడికే విసుగొచ్చి బల్ల మీద తల వాల్చేశాడు.

ఆ గిల్బెర్ట్‌ని ఆపాల్సింది ఎవరయ్యా అంటే, మా ఆయన.

ఆయన దృష్టిలో కోర్టు అంటే సగమే. ఆ సగంలో బుట్ట ఉంటుంది, బంతి ఉంటుంది, తనుంటాడు. రెండో సగానికి వెళ్ళి అడ్డుకోమంటే పన్ను కట్టడానికి మునిసిపాలిటీకి వెళ్ళమన్నట్టు మొహం పెడతాడు. బంతి చేతికొస్తే ఇంకొకడికి ఇవ్వడు, వేస్తాడు. ఎక్కడినుంచైనా వేస్తాడు. పది వేస్తే ఆరు పడతాయి, అది ఒప్పుకోవాలి. మూడో ఫైనల్లో గిల్బెర్ట్ దూసుకొస్తూ, "కాస్త తప్పుకో అన్నా" అన్నాడు. మా ఆయన తప్పుకున్నాడు! వెయ్యిమంది చూస్తుండగా మర్యాదగా పక్కకి జరిగి దారిచ్చాడు. ఇంటికొచ్చాక, "అదేం పనయ్యా?" అని నేను ఒంటికాలి మీద లేస్తే, "అంత బాగా అడిగాడు కదే" అన్నాడు.

ఆ రోజే నిశ్చయించుకున్నాను. నాక్కావలసింది ఒక గోడ. కాళ్ళున్న గోడ.

అలాంటి గోడ ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. కాలవ అవతల సాంతా రుఫీనా పేటలో ఉండే క్రిసోలోగో. ఆ పేరు వాడి తల్లికి కూడా గుర్తుందో లేదో, అందరికీ వాడు తుకో. చూరుల్లో కరుచుకుని రాత్రిపగలూ తన పేరు తనే అరుచుకునే పెద్దబల్లి ఉంటుందే, అది. ఒకసారి అంటుకుంటే ఊడదు. ఇరవై ఆరేళ్ళవాడు. రెండేళ్ళలో మొత్తం మూడు పాయింట్లు వేశాడు, అందులో రెండు పొరపాటున పడ్డాయి. కానీ వాడు ఎవణ్ణి అడ్డుకుంటే వాడికి ఆ రోజు బంతి మీద మమకారం చచ్చిపోతుంది.

పైగా వాడు ఆట మొదలయ్యేదాకా ఆగడు. మ్యాచ్ రోజు పొద్దున్నే ఎదుటివాడి గుమ్మం ముందు ప్రత్యక్షమవుతాడు. మోకాళ్ళు వంచి, చేతులు బార్లా చాపి, కళ్ళు వాడి బొడ్డు మీద పెడతాడు. భుజాలు అబద్ధం చెప్తాయిట, బొడ్డు చెప్పదుట. ఇక ఆ మనిషి రొట్టెలు కొనడానికి వెళ్ళినా, క్షవరానికి వెళ్ళినా ముందు తుకో ఉంటాడు. పోయినేడు ఒకడి పెళ్ళి సరిగ్గా మ్యాచ్ రోజే పడింది. తుకో చర్చికి వెళ్ళి పెళ్ళికొడుక్కీ పెళ్ళికూతురికీ మధ్య నిలబడ్డాడు. ఉంగరం తొడగడానికి కుడివైపు వస్తే కుడివైపు, ఎడమవైపు వస్తే ఎడమవైపు. చివరికి ఫాదర్ గారే రెండు చేతులూ ఇలా పెట్టి టైమవుట్ ఇప్పించారు.

నేను సాంతా రుఫీనా పేట పెద్ద బెలేన్‌ని కలిశాను. మేమిద్దరం బళ్ళో ఒకే బెంచీ. అప్పటినుంచీ ఒకరినొకరం నమ్మింది లేదు. "ఏమే బెలేన్, నీ బల్లిని ఇస్తావా?" అంటే, "ఊరికే ఎవరిస్తారే? ముందు ఒక పూట తీసుకెళ్ళి చూసుకో, తర్వాత మాట్లాడదాం" అంది.

మర్నాడు పదకొండింటికి తుకో నా కొట్టుకొచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చెప్పుల జోడు చంకలో పెట్టుకుని, నోట్లో నాలుక లేనట్టు నిలబడ్డాడు.

"ఎవర్ని ఆపమంటావక్కా?" అన్నాడు.

"నన్నే ఆపు" అన్నాను. "అదిగో, ఆ అన్నం గిన్నె బుట్ట అనుకో. చూద్దాం నీ ప్రతాపం."

అనకుండా ఉండాల్సింది. నేను గరిటె పట్టుకుని అడుగు వేసేలోగా వాడు గిన్నె ముందున్నాడు. కుడికి తిరిగాను, ఉన్నాడు. అడోబో మాంసం కూర గిన్నె వైపు వెళ్తున్నట్టు నటించి ఎడమకి తిరిగాను, ఉన్నాడు. నా మీద చెయ్యి పడలేదు, వేలు తగల్లేదు, కానీ నా గిన్నెకీ నాకూ మధ్య మూడు మూరల ఖాళీ దేశం ఏర్పడింది. బల్లల దగ్గర జనాన్ని ఎక్కించుకు తిరిగే జీప్నీ బళ్ళ డ్రైవర్లు ముందు నవ్వారు, తర్వాత ఈలలు వేశారు, తర్వాత ఆకలికి తిట్టడం మొదలుపెట్టారు.

"పేలింగక్కా! బల్ల కింద నుంచి దూరు!" అని ఒకడు.

దూరాను. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, ఈ ఒళ్ళేసుకుని, బల్ల కింద దూరాను. తల బయటపెట్టేసరికి ఎదురుగా వాడి మోకాళ్ళు.

నలభై నిమిషాల తర్వాత డ్రైవర్లు పక్క కొట్లో రొట్టెలు కొనుక్కుని వెళ్ళిపోయారు. నేను చెమటతో తడిసి ముద్దై బల్ల మీద కూలబడ్డాను. "వదిలెయ్యనా అక్కా?" అన్నాడు వాడు, ఇంకా మోకాళ్ళు వంచే. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గిల్బెర్ట్ ఈ మోకాళ్ళ ముందు ఇలా కూలబడితే చూడాలి. ఆ పంది రిబ్బను నా చేత్తో విప్పాలి.

సాయంత్రం బెలేన్ తీరుబడిగా వచ్చింది. కాఫీ తాగింది. "నచ్చాడా?" అంది.

"పరవాలేదు" అన్నాను. బేరంలో పడ్డాక నచ్చాడని చెప్తే మన గొంతు మనమే కోసుకున్నట్టు. "బదులేం కావాలి?"

"వెన్సెస్‌ని ఇవ్వు."

నేను పకపకా నవ్వాను. అది నవ్వలేదు. "నా దగ్గర అందరూ అడ్డుకునేవాళ్ళే పేలింగ్. పోయినేడు ఒక మ్యాచ్ పదకొండు-తొమ్మిదితో అయింది. జనం నిద్రపోయారు. నాకు వేసేవాడు కావాలి. ఎవడైనా సరే, సిగ్గూ ఎగ్గూ లేకుండా వేసేవాడు."

ఇక్కడ మా లీగు సంగతి ఒకటి చెప్పాలి. ఏ పేటలో కాపురం ఉంటే ఆ పేటకే ఆడాలి. పూర్వం ఒక మహానుభావుడు ఒకే ఆదివారం మూడు పేటలకి ఆడి, మూడోదాంట్లో తన మొదటి జట్టునే ఓడించాడు. అప్పటినుంచీ లీగు కార్యదర్శి సొతేరో మాస్టారు రూలు బిగించారు. ఆటగాణ్ణి మార్చుకోవచ్చు, కానీ వాడు నిజంగా అవతలి పేటలో ఉండాలి. అక్కడే తినాలి, అక్కడే పడుకోవాలి. మాస్టారు పొద్దున్నే సైకిలేసుకుని తిరిగి ఎవడు ఎక్కడ పళ్ళు తోముకుంటున్నాడో రాసుకుంటారు. ఒకసారి మారితే మూడేళ్ళ దాకా వెనక్కి రాకూడదు.

మూడేళ్ళు. తుకో వచ్చి మా వెనక గదిలో ఉంటాడు. మా ఆయన వెళ్ళి తుకో వాళ్ళమ్మ దగ్గర ఉంటాడు.

ఆ వారమంతా పంది మాంసం కోస్తూ ఇదే ఆలోచన. కాలవ వెడల్పు ఎంత? ఇరవై అడుగులు. అవతల ఆయన దగ్గితే ఇవతల నాకు వినపడుతుంది. మధ్యాహ్నం వెళ్ళి చూడొచ్చు, మాట్లాడొచ్చు. గురక ఉండదు. మంచం మీద ఫ్యాను రెక్కలు ఉండవు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో మూడేళ్ళు ఎంత? ఎందరి మొగుళ్ళు ఓడల మీద పనికిపోయి ఏళ్ళకేళ్ళు రావడంలేదు? ఇలా కోస్తూ కోస్తూ ఉంటే ముక్కలు చిన్నవైపోయేవి. "ఏంటక్కా, ఈ మధ్య అడోబోని పిండిగా కొడుతున్నావు?" అని డ్రైవర్లు ఎగతాళి చేశారు.

చివరికి మా ఆయన్నే అడిగాను. ఒళ్ళో ఫ్యాను పెట్టుకుని మర విప్పుతున్నాడు.

"ఏమయ్యా, బెలేన్ నిన్ను అడుగుతోంది."

"బదులెవరు?"

"తుకో."

"మంచి బేరమే. నేనైతే ఇచ్చేస్తాను" అని మరని ఉఫ్ మని ఊదాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన అరవాలి కదా? గిన్నె విసిరెయ్యాలి కదా? నేనేమైనా గొడ్డునా, నన్ను మార్చుకోవడానికి, అని అడగాలి కదా? ఏమీ లేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆయనకి బాధ కలిగితే చెవులే చెప్తాయి. నేను చూశాను. చూసి చూడనట్టు ఊరుకున్నాను. అంత పౌరుషం లేనివాడికి నేనెందుకు బతిమాలాలి అనుకున్నాను. ఆ పంది నా తలకెక్కి కూచుంది, ఇంకేం చెప్పను.

బేరం మాట్లాడటానికి సొతేరో మాస్టారి అరుగు మీద కలిశాం. మాస్టారు మధ్యలో రిజిస్టరు పెట్టుకుని కూచున్నారు. బెలేన్ వస్తూనే మెలిక పెట్టింది.

"ఒక్క వెన్సెస్‌ సరిపోడు మాస్టారూ. మా వాడికి ఇరవై ఆరు, వీళ్ళాయనకి నలభై మూడు. మోకాళ్ళు చప్పుడు చేస్తాయి. పరిగెత్తడు. పాస్ ఇవ్వడు. సగం కోర్టు మనిషి. వీళ్ళ పేటలోని వీడియోకే మిషను కూడా కలిపిస్తే ఆలోచిస్తాం."

పాటలు పాడే మిషను! పేటంతా పుట్టినరోజులకి వాడుకునే మిషను! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా మొగుణ్ణి నేను తిడతాను, అది నా హక్కు. ఇంకొకతె వచ్చి తక్కువ చేసి, పైగా పక్కన మిషను కలపమంటే ఊరుకుంటానా?

"నోరు అదుపులో పెట్టుకోవే" అన్నాను. "ఆయన ఎలాంటివాడో నీకేం తెలుసు? వీపు బుట్ట వైపు పెట్టి తలమీంచి విసిరితే పడ్డ రోజులున్నాయి. తుఫాను వచ్చినప్పుడు మా కప్పు రేకు ఎగిరిపోతుంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని మీద బోర్లా పడుకున్నాడు. కిందకి దిగి, నువ్వు తడవలేదు కదా అన్నాడు. తను నానిపోయి వణుకుతూ! ఆస్పత్రిలో ఫ్యాన్లన్నీ ఆయన చేసినవే, ఒక్కదానికీ ఏమీ పుచ్చుకోలేదు. నేనొకసారి ఉప్పు బదులు పంచదార వేసి పులుసు పెడితే రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. తర్వాత నేను తిని ఉమ్మేసినప్పుడు గానీ నాకు తెలీలేదు. ఎందుకు చెప్పలేదయ్యా అంటే, అలిసిపోయి ఉన్నావు కదా అన్నాడు."

"ఇదంతా ఆటలో..." అని బెలేన్ ఏదో అనబోయింది.

"ఆగు, ఇంకా అవలేదు" అన్నాను. నాకే ఆగడం తెలీలేదు. "మా అమ్మ మంచం పట్టి రెండేళ్ళు ఉంది. నేను కొట్లో తీరిక లేక విసుక్కునేదాన్ని. ఈయన రోజూ సాయంత్రం ఆమెని కుర్చీతో సహా ఎత్తుకొచ్చి కోర్టు పక్కన కూచోబెట్టేవాడు. బుట్టలో పడినప్పుడల్లా ఆమె చప్పట్లు కొట్టేది. ఆమెకి కనిపించేది కాదే, పడిందో లేదో! ఈయన వేసి, 'పడింది అత్తమ్మా' అని అరిచేవాడు. పడకపోయినా అరిచేవాడు."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. బెలేన్ నా వైపు వింతగా చూసింది.

"మిషను వద్దులే" అంది మెల్లగా. "కానీ ఇంత మంచివాణ్ణి ఎందుకిచ్చేస్తున్నావే?"

"డిఫెన్స్ లేదు" అన్నాను.

మాస్టారు కలం చేతికిచ్చారు. బెలేన్ సంతకం పెట్టింది. నేనూ పెట్టాను.

లేచి చూస్తే మెట్ల దగ్గర మా ఆయన. మాస్టారి ఫ్యాను బాగుచేసి తెచ్చాడుట. ఎంతసేపటినుంచీ ఉన్నాడో తెలీదు. ఫ్యాను మెట్టు మీద పెట్టి నాతో పాటు నడిచాడు. చర్చి దాటాక అడిగాడు.

"పేలింగ్, నువ్వన్నవాటిలో ఎన్ని నిజం?"

చూడండి ఎలాంటి ప్రశ్నో. అన్నీ నిజమంటే, మరి ఎందుకిచ్చావని అడుగుతాడు. అబద్ధమంటే, మనిషి అక్కడే కూలిపోతాడు. పద్దెనిమిదేళ్ళలో ఒక్కనాడు ఆయన్ని మెచ్చుకుని ఎరగను, మెచ్చుకున్న మొదటిరోజే సంతకం పెట్టాను.

"బేరంలో అన్నవి మనసులో పెట్టుకోకు" అన్నాను.

"సరే" అన్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. ఇంటికెళ్ళి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. మూడు చొక్కాలు, మరలు విప్పే పనిముట్లు, దుప్పటి. నా కొట్టులో తిరిగే ఫ్యాన్లన్నిటికీ నూనె వేశాడు. "మూడేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాడు.

మార్పిడి శనివారం పొద్దున, కాలవ మీద వెదురు వంతెన దగ్గర. ఇవతల మా పేట, అవతల వాళ్ళ పేట, అందరూ గొడుగులతో వచ్చేశారు. కాల్చిన అరటిపళ్ళు అమ్మేవాడు కూడా వచ్చాడు. సొతేరో మాస్టారు విజిల్ మెళ్ళో వేసుకుని రూలు చదివారు.

"సంతకాలైపోయాయి కాబట్టి ఈ క్షణం నుంచి తుకో కవాయన్ ఆటగాడు. వెన్సెస్ సాంతా రుఫీనా ఆటగాడు. ఇద్దరూ పన్నెండింటికి చర్చి గంట కొట్టేలోగా అవతలి నేల మీద కాలు పెట్టాలి. పెట్టకపోతే మార్పిడి చెల్లదు. అర్థమైందా?"

అప్పటికి టైము పదిన్నర. ఇరవై అడుగుల వంతెన. అర్థం కానిదేముంది?

విజిల్ ఊదారు. మా ఆయన సంచీ భుజాన వేసుకుని ఇటునుంచి బయల్దేరాడు. వెళ్తూ నా వైపు చూడలేదు. తుకో చెప్పుల జోడు చంకలో పెట్టుకుని అటునుంచి వచ్చాడు. వంతెన మధ్యలో ఇద్దరూ ఎదురుపడ్డారు.

తుకో ఆగాడు. ఎదుటివాణ్ణి ఒకసారి చూశాడు. ఏం స్ఫురించిందో, చెప్పులు కింద పడేసి మోకాళ్ళు వంచాడు. చేతులు బార్లా చాపాడు.

"తప్పుకో తమ్ముడూ" అన్నాడు మా ఆయన.

"ఎలా తప్పుకోనన్నా? నువ్విప్పుడు సాంతా రుఫీనా. నేను కవాయన్."

మా ఆయన కుడికి జరిగాడు. తుకో కుడికి. ఎడమకి, తుకో ఎడమకి. వంతెన ఊగింది. రెండు గట్ల మీదా జనం గొల్లుమన్నారు. మా ఆయన సంచీని బంతిలా అటూ ఇటూ మార్చి భుజంతో మోసం చెయ్యబోయాడు. తుకో కళ్ళు బొడ్డు మీదే.

అవతలి గట్టు నుంచి బెలేన్ గొంతు చించుకుంది. "ఒరే తుకో! వదలరా వాణ్ణి! వాడు మనవాడు!"

"నీవాడు అక్కా! నా వాడు కాదు" అన్నాడు తుకో తిరిగి చూడకుండానే.

మాస్టారు పుస్తకం తిరగేశారు. "న్యాయంగా వాడు ఇప్పుడు పేలింగ్ ఆటగాడు. ఆమె చెప్తేనే వినాలి."

"పేలింగ్! చెప్పవే! నీ వాణ్ణి తప్పుకోమను!" అని బెలేన్.

"వదలమంటావా అక్కా?" అని తుకో.

అందరూ నా వైపు తిరిగారు. నాకు గిల్బెర్ట్ కనిపించాడు. ఎర్ర రిబ్బను కనిపించింది. ఈ చేతులు, ఈ మోకాళ్ళు మూడేళ్ళు నావి. ఒక్క మాటంటే చాలు, కప్పు మా పేటదే. అప్పుడు మా ఆయన అటూ ఇటూ జరగడం మానేసి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. బంతి కోసం చూసే చూపు కాదది. వెళ్ళనా, అని అడుగుతున్నాడు.

"వదలకు!" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "వదలకురా తుకో! గంట కొట్టేలోపు వదిలావో, చంపేస్తాను!"

బెలేన్ గొడుగు కింద పడేసింది. మా పేటవాళ్ళు తలలు పట్టుకున్నారు. "అక్కా, గెలిచే మ్యాచ్ అక్కా!" అని మా సెంటరు ఆటగాడు ఏడుపు మొహం పెట్టాడు. నేను వంతెన చివరకి వెళ్ళి కోచ్‌లా నిలబడ్డాను. "ఎడమకి వస్తాడు, ఎడమకి! ఆయనకి కుడి మోకాలు బాలేదు!"

"పేలింగ్!" అన్నాడు మా ఆయన, తుకో చేతుల మధ్యనుంచి. "కప్పు రేకు సంగతి?"

"నిజమే!"

"పంచదార పులుసు?"

"నిజమే!"

"అత్తమ్మ?"

"అన్నీ నిజమేనయ్యా! ఒక్కటీ అబద్ధం లేదు!" రెండు పేటలు వింటున్నాయి, విననీ.

"మరి ఎందుకిచ్చావు?"

"గెలవాలని! సిగ్గు లేకుండా గెలవాలని ఇచ్చాను. నువ్వు అరుస్తావనుకున్నాను. ఒక్కసారి వద్దంటే చించేసేదాన్ని ఆ కాగితం. నువ్వేమో మరలు ఊదుకుంటూ కూచున్నావు!"

"నువ్వు వద్దంటావని నేను చూశానే" అన్నాడు. "ఆ వారమంతా చూశాను."

ఎండలో నిలబడి ముక్కు చీదుకున్నాను. తుకో మాత్రం మోకాళ్ళు వంచే ఉన్నాడు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు, చెయ్యి దింపితే మనిషి దాటిపోతాడు కదా. ఎవరో అరటిపండు వాడి నోట్లో పెట్టారు. మా ఆయన నిజంగా ప్రయత్నిస్తున్నాడో, ఊరికే అడుగులు వేస్తున్నాడో చెప్పలేను. ఒక్కటి మాత్రం చెప్తాను, పద్దెనిమిదేళ్ళలో ఆయన అంతసేపు ఒక మనిషి ముందు నిలబడటం నేను చూడలేదు.

గంటన్నర గడిచి చర్చి గంట కొట్టింది. మాస్టారు విజిల్ ఊది రిజిస్టరులో గీత కొట్టేశారు. తుకో మెల్లగా నిటారుగా నిలబడ్డాడు. వాడి నడుము కలుక్కుమన్న చప్పుడు గట్టు మీదకి వినిపించింది. "ఏమనుకోకన్నా" అని మా ఆయనకి దణ్ణం పెట్టి, చెప్పులు ఏరుకుని, తన పేటకి తను వెళ్ళిపోయాడు. వెళ్తున్న ఆ వీపుని చూస్తే నా గుండె తరుక్కుపోయింది. ఎంత డిఫెన్స్! ఎంత చక్కటి డిఫెన్స్!

మా ఆయన వెనక్కి నడిచొచ్చి నా ముందు నిలబడ్డాడు. చెవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, కానీ ఎండకనుకుంటాను.

"ఇరవై అడుగులు దాటలేకపోయాను" అన్నాడు.

"చూశాం లేవయ్యా" అన్నాను.

ఈ ఏడు కూడా గిల్బెర్ట్ చేతిలో చస్తామని నాకు ఆ క్షణంలోనే తెలుసు. ఆయన చేతిలోంచి సంచీ లాక్కుని ఇంటి వైపు గబగబా నడిచాను, బెలేన్ నోరు తెరిచి ఇంకో బేరం పెట్టేలోగా.